సింహాసనం ముందు అర నిమిషం

గ్రీసులోని క్రీట్ దీవికి వెళ్తే క్నోసోస్ ప్రాచీన రాజభవన శిథిలాలు చూడాలని ఎన్నాళ్ల కోరికో. హెరాక్లియన్ నగరం నుంచి ఐదు కిలోమీటర్లే. తీరా వెళ్తే సింహాసనం గది ముందు ఎండలో ముప్పావు గంట క్యూ. నా వంతు వచ్చేసరికి ముందు సెల్ఫీల వాళ్లు, వెనక తోపులాట. మూడు వేల ఏళ్లకు పైగా ఆ గోడకు ఆనుకునే ఉన్న రాతి కుర్చీ అది! అలల్లా వంపులు తిరిగిన దాని వీపు పలకను కళ్లారా చూద్దామంటే అర నిమిషం కూడా దక్కలేదు. కడుపు మండిపోయింది. ఫొటో దిగండి, కాదనను. దిగాక పక్కకు జరగాలి కదా!

ఇంకో బాధ, ఏది పాతదో ఏది కొత్తదో తేలదు. 1900లో తవ్వకాలు మొదలుపెట్టిన ఆర్థర్ ఎవాన్స్ చాలా భాగాలు కాంక్రీటుతో తిరిగి కట్టించాడు. రాజభవనం కట్టిన కాలంలో స్తంభాలు చెక్కవి. ఇప్పుడున్న ఆ ఎర్ర స్తంభాలు కాంక్రీటువి. నా పక్కనే ఒక తండ్రి అలాంటి స్తంభాన్నే పిల్లాడికి చూపించి మురిసిపోతుంటే మనసు చివుక్కుమంది. గోడ మీది డాల్ఫిన్ల చిత్రమూ నకలే, అసలు ముక్కలు హెరాక్లియన్ మ్యూజియంలో ఉన్నాయి.

చివరికి జనం లేని ఒక మూల, ఒంటినిండా తాడు చుట్టినట్టు గీతలున్న పెద్ద మట్టి కాగులు కనిపించాయి. వాటి దగ్గరే పావుగంట నిలబడిపోయాను.