లిథియం వాడేవాళ్ల ఇళ్లలో ఎండాకాలం జాగ్రత్త

మనసు ఒకసారి విపరీతమైన హుషారుకు, ఒకసారి కుంగుబాటుకు పోయే బైపోలార్ జబ్బు మీద వచ్చిన వ్యాసం చదివి ఇది రాస్తున్నాను. మందులు ఏళ్ల తరబడి మానకుండా వాడాలని అందులో బాగా చెప్పారు. ఆ మందుల్లో ఒకటైన లిథియం గురించి మాత్రం ఒక్క వాక్యంతో సరిపెట్టారు. మాది అనంతపురం. మా అన్న చాలా ఏళ్లుగా లిథియం వేసుకుంటూ అంగడి తనే చూసుకుంటున్నాడు. మా ఎండలకు చెమట పట్టి ఒంట్లో నీళ్లు, ఉప్పు తగ్గితే రక్తంలో ఈ మందు పెరిగిపోతుంది. పోయిన మే నెలలో అదే జరిగింది. విరేచనాలు పట్టుకున్నాయి. చేతిలో టీ గ్లాసు వణికి ఒలికిపోతోంది, మాట ముద్దగా వస్తోంది. చూసినవాళ్లు తాగాడన్నారు. జబ్బు తిరగబెట్టిందని ఇంకొకరు. మా వదిన పట్టుబట్టి ఆసుపత్రికి తీసుకుపోయి లిథియం లెవెల్ పరీక్ష చేయించింది, అందుకే బతికాడు.

ఒళ్లు నొప్పులకని మెడికల్ షాపులో అడిగి ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేసుకున్నా లెవెల్ పెరుగుతుంది. బీపీ ఉందని ఉప్పు ఒక్కసారిగా మానేసినా అంతే. ఒక్కపొద్దు ఉండాలంటే ముందు డాక్టరుగారిని అడగండి. ఇంకొకటి, లెవెల్ పరీక్షకు రక్తం మాత్ర వేసుకున్న 12 గంటలకు ఇవ్వాలి. పొద్దున మాత్ర వేసుకొని పోతే లెక్క తప్పు వస్తుంది. కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు కూడా వదలొద్దు.

మామూలు సందేహాలకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలిమానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. వాంతులు, తూలడం, మగత కనిపిస్తే మాత్రం నేరుగా ఆసుపత్రికే పొండి.