నిఖత్ 52 నుంచి 50కి దిగడం మోసమా?

ఈ మధ్య ఒక మెసేజ్ ఫోన్లలో తెగ తిరుగుతోంది. "బాక్సింగ్‌లో వెయిట్ క్లాస్ (ఎంత బరువువాళ్లు ఎవరితో ఆడాలో చెప్పే విభాగం) మారడమంటేనే మోసం. పైకి వెళ్లేవాడు వీరుడు, కిందికి దిగేవాడు చిన్నవాళ్లను కొట్టడానికి దిగుతాడు. నిఖత్ జరీన్ కూడా అందుకే 52 కేజీల నుంచి 50కి దిగింది. ఎలాగూ సైజున్నవాళ్లదే గెలుపు కాబట్టి క్లాస్ మారడాన్నే బ్యాన్ చేయాలి." ఇదీ దాని సారాంశం. మా బంధువుల్లోనే ఇద్దరు నాకు పంపారు. ఇందులో నిజం కొంచెం ఉంది, కానీ అది వీళ్లు వేలు పెట్టి చూపించిన చోట లేదు.

ముందు నిఖత్ సంగతి. మన నిజామాబాద్ అమ్మాయి 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్ అయింది 52 కేజీల్లో. పారిస్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు ఉన్న క్లాసులు ఆరే: 50, 54, 57, 60, 66, 75. ఆమె గెలిచిన 52 అసలు లిస్టులోనే లేదు. ఇంకేం చేస్తుంది? ఒంట్లోంచి రెండు కేజీలు తీసేసి కిందికి రావాలి, లేదా తనకన్నా ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్ల మధ్యకు 54కి వెళ్లాలి. ఆమె దిగింది. 2023లో ఢిల్లీలో 50 కేజీల ప్రపంచ టైటిల్ గెలిచింది, నిజమే. మరి అక్కడున్నది చిన్నవాళ్లే అయితే పారిస్‌లో రెండో బౌట్‌కే (పోటీకే) చైనా అమ్మాయి వూ యూ చేతిలో 0-5తో ఎలా ఓడింది? ఆ బౌట్ తర్వాత నిఖత్ తనే చెప్పింది, బరువు కోసం రెండు రోజులుగా తిండి లేదని, నీళ్లు కూడా వెయిట్ ఇచ్చాకే (పోటీకి ముందు కాటా ఎక్కి చూపించాకే) తాగానని. తర్వాత 2025లో లివర్‌పూల్ ప్రపంచ పోటీలకు వచ్చేసరికి క్లాసులు మళ్లీ మార్చేశారు, ఈసారి ఆమె 51లో ఆడింది. మూడేళ్లలో మూడు అంకెలు, ఒక్కటీ ఆమె పెట్టింది కాదు.

"పైకి వెళ్తే వీరత్వం" అన్న ముక్క కూడా అంతే. టోక్యో ఒలింపిక్స్‌లో 69 కేజీల్లో కాంస్యం తెచ్చిన మన బాక్సర్ లవ్లీనా 75కి వెళ్లింది ఎందుకు? పారిస్‌లో 69 తీసేశారు కాబట్టి. మేరీ కోమ్ 48 కేజీల్లో ప్రపంచ చాంపియన్, కానీ 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు అన్నిటికన్నా చిన్న క్లాసే 51. తనకన్నా పెద్దవాళ్లతో ఆడి కాంస్యం తెచ్చింది. లవ్లీనా, మేరీ కోమ్ ఎక్కారు, నిఖత్ దిగింది, ముగ్గురినీ కదిలించింది ఒలింపిక్స్ లిస్టే. అందులో ఒకరిని పొగిడి ఇంకొకరిని దొంగ అనడం అన్యాయం, నాకు నిజంగా కోపం వస్తుంది.

ఎందుకంటే దిగడం ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూశాను. మా మేనకోడలు పదిహేనేళ్లప్పుడు ఒక టోర్నమెంట్‌కి వెళితే పొద్దున్న ఐదింటికి కాటా మీద మూడు వందల గ్రాములు ఎక్కువ చూపించింది. మే నెల. స్వెటర్ మీద రెయిన్‌కోట్ వేసుకుని మెట్ల కింద స్కిప్పింగ్ చేసింది, తర్వాత చూయింగ్ గమ్ నములుతూ సీసాలో ఉమ్మడం మొదలుపెట్టింది, కాసేపటికి ఉమ్మడానికి కూడా నోట్లో తడి లేదు. పెదాలు పగిలి తెల్లగా ఉన్నాయి. వెయిట్ ఇచ్చి వచ్చి "మామయ్యా, నీళ్లు" అంది. ఆ మధ్యాహ్నమే బౌట్. రెండో రౌండ్‌కి కాళ్లు లేవలేదు. ఇదీ ఆ మెసేజ్ రాసినవాళ్లు చెప్పే "అడ్వాంటేజ్".

ఒలింపిక్స్ లాంటి అమెచ్యూర్ బాక్సింగ్‌లో ఏ రోజు బౌట్ ఉంటే ఆ రోజు పొద్దున్నే తూస్తారు, నాలుగు బౌట్లుంటే నాలుగుసార్లు. మళ్లీ బరువు పెంచుకుని ఏనుగులా రింగులోకి దిగే టైమే ఉండదు. ఆ టైమ్ ఉండేది డబ్బు కోసం ఆడే ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో. అక్కడ ముందు రోజే తూచేస్తారు, ఒంట్లో నీరు పోయి బాక్సర్లు రింగులో ప్రమాదంలో పడకూడదని. కానీ ఆ ఒక్క రోజు గ్యాప్‌ని వాడుకోవడం అందరూ నేర్చుకున్నారు. నేను ఒప్పుకునే నిజం ఇక్కడుంది. 2000 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో ఆర్టురో గట్టి, జోయ్ గమాష్ అనే బాక్సర్లిద్దరూ 141 పౌండ్ల లిమిట్‌కి సంతకం పెట్టారు. ఫైట్ రాత్రి టీవీ వాళ్లు తూస్తే గట్టి 160, గమాష్ 145. అంటే దాదాపు ఏడు కేజీల తేడా. రెండో రౌండ్‌లో గమాష్ నాకౌట్. గమాష్ మెదడుకు దెబ్బ తగిలింది, మళ్లీ రింగెక్కలేదు. తూచడంలో బాక్సింగ్‌ని చూసుకునే న్యూయార్క్ కమిషన్ నిర్లక్ష్యం ఉందని పదేళ్ల తర్వాత కోర్టు తేల్చింది, పరిహారం మాత్రం ఒక్క డాలర్ ఇప్పించలేదు. అన్యాయం అంటే ఇది, దీని మీద ఎంత అరిచినా తప్పు లేదు.

అయినా "సైజున్నవాళ్లదే గెలుపు" అని తీర్మానిస్తే అదీ నిలవదు. 2008లో డి లా హోయా అనే ప్రొఫెషనల్ బాక్సర్ 147 పౌండ్ల క్లాస్‌కి దిగి పకియావోతో ఆడాడు. డి లా హోయా ఒళ్లు పెద్దది, పకియావో ఆ ఏడాదే 135లో ఆడి వచ్చినవాడు. కానీ డి లా హోయా ఎంత ఎండిపోయాడంటే ఫైట్ రాత్రి పకియావోనే అతనికన్నా కాస్త బరువున్నాడు, ఎనిమిది రౌండ్ల తర్వాత డి లా హోయా స్టూల్ మీద నుంచి లేవలేదు. 2024 డిసెంబర్‌లో హెవీవెయిట్ బాక్సర్లు ఉసిక్, ఫ్యూరీ తలపడ్డారు, ఉసిక్ 226 పౌండ్లు, ఫ్యూరీ 281. గెలిచింది ఉసిక్, అదీ రెండోసారి. ఇంకో పక్క కెల్ బ్రూక్ అనే బాక్సర్ 147 నుంచి ఏకంగా 160కి వెళ్లి గొలోవ్‌కిన్ చేతిలో కంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. సైజు పనిచేస్తుంది, కొంతవరకే, అది కూడా ఒంట్లో నీళ్లున్నప్పుడే.

ఇక బ్యాన్ మాట. పదిహేనేళ్ల పిల్ల ఏడాదిలో రెండు క్లాసులు పెరగొచ్చు, దాన్ని ఒకే క్లాస్‌లో కట్టేస్తే ఇంకా ఎండబెట్టుకుంటుంది తప్ప ఏమీ కాదు. చేయాల్సింది ప్రొఫెషనల్స్‌ని ఫైట్ రోజు పొద్దున మళ్లీ తూచడం. ఐబీఎఫ్ అనే ప్రొఫెషనల్ బాక్సింగ్ సంస్థ తన టైటిల్ ఫైట్లలో చాలా ఏళ్లు ఈ రూలు నడిపింది, లిమిట్ మీద పది పౌండ్లు దాటకూడదని. మిగతా చోట్ల ఇది ఎవరికి పలుకుబడి ఉంటే వాళ్లు కాంట్రాక్టులో రాయించుకునే షరతుగా మిగిలిపోయింది, అందరికీ రూలుగా పెట్టాలి. మా మేనకోడలు ఇప్పుడు ఒక క్లాస్ పైన ఆడుతోంది. మొన్న బౌట్ ఉన్న పొద్దున వెయిట్ ఇవ్వడానికి ముందే రెండు ఇడ్లీలు తిని వెళ్లింది.