పుష్కరాలు ముగిశాక రేవు ఎవరిది?

2025 జనవరిలో, సంక్రాంతికి కొద్ది రోజుల ముందు, హైదరాబాద్ నుంచి వెళ్లిన ఐదుగురు యువకులు సిద్దిపేట జిల్లా కొండపోచమ్మ సాగర్‌లో మునిగి చనిపోయారు. అదే ఏడాది జూన్‌లో బాసర దర్శనానికి వెళ్లిన నగరవాసుల్లో మరో ఐదుగురిని గోదావరి తీసుకుపోయింది. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ జరిగేది దాదాపు ఒకటే. గట్టు మీద ‘ఇక్కడ ఈతకు దిగరాదు’ అన్న బోర్డు పాతుతారు, కొద్ది రోజులు కానిస్టేబుల్‌ను కాపలా పెడతారు. ఎండలు ముదిరేసరికి బోర్డు మిగులుతుంది, కాపలా మిగలదు, జనం మళ్లీ దిగుతారు. నీటి దగ్గరికి వెళ్లాలన్న కోరికనే తప్పుగా చూసే ఈ పద్ధతి ప్రాణాలను కాపాడటం లేదు సరికదా, కుటుంబాలను నీటికి దూరం చేసి ప్రమాదాన్ని పెంచుతోందని నా నమ్మకం. చేయవలసిందేమిటో మన ప్రభుత్వాలకు తెలియక కాదు. పన్నెండేళ్లకోసారి, పన్నెండు రోజుల పాటు, అవి దాన్ని చేసి చూపిస్తూనే ఉన్నాయి.

2015 జులైలో గోదావరికి, 2016 ఆగస్టులో కృష్ణకు పుష్కరాలు వచ్చినప్పటి ఏర్పాట్లను ఒకసారి గుర్తు చేసుకుందాం. రెండు రాష్ట్రాల్లోనూ ఘాట్లు కట్టారు, పాతవాటిని వెడల్పు చేశారు. నీటిలో ఎంతవరకు దిగవచ్చో తెలిసేలా కడ్డీలు నాటి అడ్డు కట్టారు. గజ ఈతగాళ్లను, పడవలను సిద్ధంగా ఉంచారు. ఆడవారు బట్టలు మార్చుకోవడానికి గదులు, మరుగుదొడ్లు, తాగునీరు, ప్రథమ చికిత్స శిబిరాలు వచ్చాయి. ఈత రాని ముసలమ్మ, చంకలో బిడ్డ ఉన్న తల్లి, పదేళ్ల పిల్లలు, అందరూ నిండుగా ప్రవహించే నదిలో మునిగి లేచారు. రాజమహేంద్రవరంలో తొలిరోజు తొక్కిసలాటలో 27 మంది మరణించడం మరవలేని విషాదమే. అయితే అది ఒకే రేవుకు, ఒకే ముహూర్తానికి లక్షల మంది తోసుకురావడం వల్ల జరిగిన ఘోరం. ఏడాది పొడవునా పలుచోట్ల రేవులు తెరిచి ఉంటే అంత ఒత్తిడి ఏ ఒక్క చోటా పడదు.

పదమూడో రోజున ఏమవుతుందో నది ఒడ్డున ఉండేవారికి చెప్పనక్కర్లేదు. రేకుల గదులు ఊడదీస్తారు, పడవలు వెళ్లిపోతాయి, అడ్డుకడ్డీలు కొన్నాళ్లకు వరదలో కొట్టుకుపోతాయి. మిగిలేవి మెట్లు, వాటి మీద పేరుకున్న ఒండ్రు. ప్రజాధనంతో కట్టిన రేవు ఆ తర్వాత కార్తిక స్నానాలకు తప్ప ఎవరికీ చెందని స్థలంగా పడి ఉంటుంది.

ఒక సంగతి చాలామంది దృష్టికి రాదు. మన రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజు, ప్రభుత్వ నిధులతో నడిచే బావులు, చెరువులు, స్నాన ఘట్టాలు, రోడ్ల వినియోగంలో కులం, మతం, లింగం, పుట్టిన చోటు పేరుతో ఎవరినీ అడ్డుకోరాదని చెబుతుంది. స్నాన ఘట్టాన్ని రోడ్డుతో సమానంగా చేర్చారంటే దాని వెనుక పెద్ద చరిత్రే ఉంది. 1927లో మహారాష్ట్రలోని మహాడ్‌లో దళితులను ముట్టనివ్వని చెరువు నీటిని ముట్టుకోవడానికి అంబేడ్కర్ నాయకత్వంలో వేలమంది కదలవలసి వచ్చిన దేశమిది. కాబట్టి ‘పూర్వం ఊళ్లో అందరికీ ఈత వచ్చేది’ అన్న మాట విన్నప్పుడల్లా ఆ ‘అందరూ’ ఎవరని అడగాలి. నేను మా మేనమామ పొలంలోని మోట బావిలో, నడుముకు మోకు కట్టించుకుని, వీపున సొరకాయ బుర్రతో ఈత నేర్చుకున్నాను. ఆ బావిలో మాతోపాటు దిగే అర్హత మా పాలేరు కొడుక్కి లేదని అప్పట్లో నాకు తోచనే లేదు. మా అమ్మ కాలువ ఒడ్డున పుట్టి పెరిగి, రోజూ రేవులో బట్టలు ఉతికి కూడా ఈత నేర్వలేదు, ఆమెకు నేర్పాలని ఎవరూ అనుకోలేదు. ఆ బావులు ఇప్పుడు లేవు. బోర్లు వచ్చాక ఎండిపోయాయి, కొన్నిటిని పూడ్చారు. మొత్తం మీద ఒక తరం మగపిల్లలకు, అదీ కొన్ని కులాల వారికి మాత్రమే దక్కిన విద్య ఇప్పుడు వారి పిల్లలకూ దక్కకుండా పోయింది.

నగరాల్లో పరిస్థితి మరీ ఇరుకు. హైదరాబాద్ చుట్టూ ఇంత నీరుండీ, మూసీలో కాలు పెట్టలేం. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ తాగునీటి జలాశయాలు గనుక వాటిలో దిగకూడదు, దిగకపోవడమే సరైనది. 2022లో ఎంతో శ్రద్ధతో పునరుద్ధరించిన బన్సీలాల్‌పేట మెట్ల బావి చూడదగ్గ కట్టడమే గాని దిగదగ్గ నీరు కాదు. నగరపాలక సంస్థ నడిపే ఈత కొలనులు కోటి దాటిన జనాభాకు ఏ మూలకు? మిగిలినవి రిసార్టులు. నలుగురున్న కుటుంబం ఒక పూట నీటిలో గడపాలంటే దినకూలీకి వారం సంపాదన కావాలి. డబ్బు లేని ఇంటి పిల్లలు అందుకే బండి ఎక్కి, పేరు విన్న జలాశయానికి వెళతారు. కొండపోచమ్మ సాగర్ 2020లో నీటితో నిండిన కొత్త జలాశయం. అక్కడ ఎంత లోతుందో, ఎక్కడ జారుతుందో చెప్పగల పాత తరం ఆ ఒడ్డున లేదు. గట్టు లోపలివైపు పరిచిన రివెట్‌మెంట్ రాళ్లు నాచు పట్టి ఉంటాయి. జారినవాడికి తిరిగి ఎక్కడానికి పట్టు దొరకదు. కాంక్రీట్ లైనింగ్ వేసిన కాలువల్లోనూ ఇదే ముప్పు.

నదుల్లో ప్రమాదం మరో రకం. ఇసుక తవ్వకాల గోతులు నీటి కింద కనపడవు. మోకాలి లోతులో నడుస్తున్న మనిషి తర్వాతి అడుగులో రెండు నిలువుల లోతులో ఉంటాడు. అతన్ని పట్టుకోబోయిన అన్న, వారిద్దరి కోసం దూకిన స్నేహితుడు, ఇలా ఒకే ఘటనలో ముగ్గురు నలుగురు పోవడానికి కారణం ఇదే. పైనుంచి వదిలే నీరు ఇంకో ముప్పు. 2014 జూన్‌లో హిమాచల్‌లోని బియాస్ నదిలో ఫొటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది, లార్జీ ప్రాజెక్టు గేట్లు ఎత్తడంతో క్షణాల్లో కొట్టుకుపోయారు. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, భద్రాచలంలో 43 అడుగులకు ఇస్తారు. ఊళ్లను ఖాళీ చేయించడానికి రూపొందిన ఈ వ్యవస్థ మంచిదే. నడుం లోతులో నిలబడ్డ పిల్లవాడికి మాత్రం అడుగున్నర నీటి పెరుగుదల చాలు, దాన్ని చెప్పే సైరన్, జెండా, కొలత గీత ఏ రేవులో ఉన్నాయి?

నిషేధం ఎవరిని ఆపుతుందో కూడా ఆలోచించాలి. బోర్డు చూసి వెనక్కి తిరిగేది భార్యాపిల్లలతో వచ్చిన మనిషి. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు మాత్రం అరకిలోమీటరు అవతలికి, ఎవరికీ కనపడని చోటికి వెళ్లి దిగుతారు. తల్లులు, తాతలు, పిల్లలు ఉన్న రేవులో మందు సీసా తీయడానికి ఎవడైనా జంకుతాడు, లోతుకు పోతుంటే కేక వేసేవారు పదిమంది ఉంటారు. ఆ పెద్దరికాన్ని ఒడ్డు నుంచి తరిమేసి, తర్వాత యువత బాధ్యతారాహిత్యం గురించి మాట్లాడటం అన్యాయం. ఆడవారి మాటకొస్తే నిషేధం కూడా అక్కర్లేదు. బట్టలు మార్చుకునే గది లేకపోవడం, ప్రతి చేతిలో ఫోన్ కెమెరా ఉండటం వారిని గట్టు మీదే కూర్చోబెట్టడానికి చాలు. తల్లి గట్టు మీద కూర్చుంటే కూతురూ అక్కడే కూర్చుంటుంది.

సముద్రతీరంలో మనకు ఒక నమూనా ఉంది. విశాఖ రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. నీటి నాణ్యత, ఈతకు గుర్తించిన హద్దు, లైఫ్‌గార్డులు, దుస్తులు మార్చుకునే గదులు, ఇలా 33 ప్రమాణాలు పాటిస్తేనే ఆ జెండా ఎగురుతుంది. 2025లో నిర్వహణ సరిగా లేదని దాన్ని తాత్కాలికంగా వెనక్కి తీసుకున్నారు, లోపాలు సరిదిద్దాక తిరిగి ఇచ్చారు. ఆ సంఘటనను అవమానంగా చాలామంది చూశారు. నాకైతే అదే ఆ వ్యవస్థకున్న బలంగా తోచింది. తనిఖీ చేసేవారుంటే చెత్త తొలగుతుంది. కానీ దాదాపు వెయ్యి కిలోమీటర్ల తీరంలో అలాంటి చోటు ఒక్కటే ఉండటం ఏమిటి? సూర్యలంక, మంగినపూడి, మైపాడు తీరాలకు సెలవురోజున వచ్చే కుటుంబాలకు రుషికొండ ఏ విధంగా అక్కరకొస్తుంది?

ఖర్చు ఎక్కువన్న వాదనకు బంగ్లాదేశ్ సమాధానం చెప్పింది. అక్కడ ‘స్విమ్‌సేఫ్’ కార్యక్రమంలో పల్లె చెరువుల్లోనే వెదురు వేదికలు దించి, ఊరివారికే శిక్షణ ఇచ్చి, వారితో పిల్లలకు ఈత నేర్పించారు. ఆరేళ్లు దాటిన పిల్లలకు ఈత, నీటి భద్రత నేర్పడం ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసుల్లోనూ ఉంది. మన దేశంలో జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో ఏటా 30 వేల మందికి పైగా నీట మునిగి చనిపోతున్నారు. మనకు వెదురుకు కొదవ లేదు, గోదావరి, కృష్ణ ఒడ్డున పల్లెకారుల కంటే మంచి గురువులూ దొరకరు. ప్రమాదం జరిగాక శవాన్ని వెతకడానికి అర్ధరాత్రి పిలిచేది వారినే. ఆ నేర్పుకు ప్రమాదానికి ముందే నెలజీతం ఇవ్వడం మర్యాద కూడా.

రేవు పవిత్ర స్థలం, ఈత కొలను చేయకూడదని కొందరు అభ్యంతరం చెబుతారు. స్నానానికి, ఈతకు మధ్య ఈ గోడ ఎప్పుడు లేచిందో నాకు తెలియదు. పెద్దలు సంకల్పం చెప్పుకుంటుంటే పక్కనే పిల్లలు ఈదడం ఈ నేల మీద ఎప్పుడూ ఉన్నదే. నీటి శుభ్రతపై అభ్యంతరమే నిజంగా బలమైనది. స్నానయోగ్యమైన నీటికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం ఉంది. నీటిలోని మురుగును కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులకు కావలసిన ఆక్సిజన్ (జీవరసాయన ఆక్సిజన్ అవసరం) లీటరుకు 3 మిల్లీగ్రాములు మించకూడదు, కరిగిన ఆక్సిజన్ 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. ఆ పరీక్ష ఫలితాన్ని వారం వారం రేవు గోడ మీద సున్నంతో రాయించినా చాలు, మురుగు ఎక్కడ కలుస్తోందని అడిగేవారు పుడతారు. 1923 నుంచి నిషేధం ఉన్న సీన్ నదిని పారిస్ నగరం 2025 జులైలో మూడు చోట్ల జనానికి తెరిచింది. పిల్లలు దిగే నది అయితేనే మురుగు శుద్ధికి డబ్బు కదులుతుంది.

మళ్లీ 2027లో గోదావరి పుష్కరాలు, ఆ మరుసటి ఏడాది కృష్ణా పుష్కరాలు వస్తున్నాయి. ఘాట్ల కోసం అంచనాలు వేసే దశ ఇది. నీరు నిలకడగా ఉండే కొన్ని రేవులను ఎంచి, వరద తగ్గిన కార్తికం నుంచి వేసవి దాకా తెరిచి ఉంచే కుటుంబ రేవులుగా వాటిని గీయించవచ్చు. బట్టలు మార్చుకునే గదులు రేకులకు బదులు ఇటుకతో కట్టాలి. మెట్ల మీద లోతు అంకెలు చెక్కాలి. వారంలో కొన్ని పూటలు ఆడవారికే కేటాయించి, నేర్పేవారినీ ఆడవారినే పెట్టాలి. ఎగువన గేటు ఎత్తే ముందు రేవులో సైరన్ మోగే ఏర్పాటు జలవనరుల శాఖ చేయాలి. నీటి కింది మెట్టు అంచున ఇనుప గొలుసుకు కొక్కేలు ఇప్పుడే కాంక్రీట్‌లో బిగించాలి, వరద తగ్గిన ప్రతిసారీ గొలుసు వేయడానికి, వరద రాకముందే తీయడానికి వీలుగా.