సోలార్ బిగించే చేతికి అర్హత అడగాలి

కిందటి వేసవిలో గోదావరి జిల్లాలో ఉన్న మా బాబాయి ఇంటికి వెళ్లేసరికి డాబా మీద మూడు కిలోవాట్ల సోలార్ బిగిస్తున్నారు. పనికి వచ్చినవాళ్లు ఇద్దరూ ఇరవై ఏళ్లు నిండని కుర్రాళ్లు. ఒకడు పిట్టగోడ అంచున నిలబడి కింది నుంచి ప్యానెల్ అందుకుంటున్నాడు, నడుముకు తాడు లేదు. రెండోవాడు కిందికి దిగే వైరు కొసను పళ్లతో ఒలిచి, వైర్లను కలిపే కనెక్టర్ పిన్నులో దూర్చి, కటింగ్ ప్లేయరుతో నొక్కేస్తున్నాడు. ఆ పిన్ను నొక్కడానికి క్రింపింగ్ టూల్ అని వేరే పనిముట్టు ఉంటుంది. అది వాళ్ల సంచిలో లేదు.

"ఈ పని ఎక్కడ నేర్చుకున్నావు బాబూ?" అని అడిగాను.

"మా అన్న చేస్తుంటే చూశానండి" అన్నాడు. అంతకు నెల ముందు దాకా టైల్స్ పనికి వెళ్లేవాడట.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. ఏప్రిల్ ఎండలో కాలిపోతున్న డాబా మీద పొద్దుటి నుంచీ మొహం చిట్లించకుండా పనిచేశాడు. పని నేర్పకుండా, పనిముట్టు ఇవ్వకుండా, చేతనవుతుందో లేదో చూడకుండా అతన్ని డాబా ఎక్కించిన పద్ధతి మీదే నా కోపమంతా.

2024 ఫిబ్రవరిలో కేంద్రం పీఎం సూర్యఘర్ పథకాన్ని తెచ్చింది. కోటి ఇళ్ల మీద సోలార్ పెట్టించాలని 75,021 కోట్ల రూపాయలు కేటాయించింది. మూడు కిలోవాట్లు పెట్టించుకున్న ఇంటికి 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు రెండు కిలోవాట్ల వరకు ఉచితంగానే పెట్టిస్తామంది. మంచి పథకం, పేదవాడి కరెంటు బిల్లు తగ్గించే పథకం. అందుకే అది ఎవరి చేతుల మీదుగా జరుగుతోందో పట్టించుకోవాలి.

చట్టం లేకపోలేదు. వినియోగదారుడి ఇంట్లో విద్యుత్ పని ఏదైనా రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు ఉన్న కాంట్రాక్టరే చేయించాలని, అర్హత పత్రం ఉన్న వ్యక్తి దగ్గరుండి పర్యవేక్షించాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010 భద్రతా నిబంధనల్లోనే ఉంది. 2023లో వాటి స్థానంలో వచ్చిన కొత్త నిబంధనల్లోనూ ఉంది. బల్బు, ఫ్యూజు మార్చుకోవడం లాంటి చిన్న పనులకే మినహాయింపు. ఆచరణలో జరిగేది వేరు. ఆర్డరు ఒకరు తీసుకుంటారు. పని ఇంకొకరికి అప్పగిస్తారు. ఆయన ఊళ్లో మేస్త్రీకి చెబుతాడు, మేస్త్రీ దొరికిన కుర్రాళ్లను పట్టుకొస్తాడు. లైసెన్సు మొదటివాడి ఫైల్లో భద్రంగా ఉంటుంది. పర్యవేక్షణ సంతకంతో సరి.

ఇంటి వైరింగ్ బాగా తెలిసినవాడు సోలార్ కూడా చేసేస్తాడులే అని చాలామంది అనుకుంటారు. అక్కడే ప్రమాదం. స్తంభం నుంచి మన ఇంటికి వచ్చేది ఏసీ, అంటే దిశ మారుతూ ఉండే కరెంటు; అది సెకనుకు వంద సార్లు సున్నాకు దిగుతుంది. వదులైన చోట నిప్పురవ్వ లేచినా చాలాసార్లు తనంతట తనే ఆరిపోతుంది. ప్యానెల్ నుంచి ఒకే దిశలో వచ్చే డీసీ కరెంటుకు ఆ తెరిపి లేదు. రవ్వ ఒకసారి అంటుకుంటే వెలుగుతూనే ఉండి, కనెక్టర్‌ను కరిగించి, పక్కనున్నదాన్ని అంటిస్తుంది. పైగా ఆరు ప్యానెళ్లు వరుసగా కలిపితే వోల్టేజి 300 వోల్టుల దాకా వెళ్తుంది. మెయిన్ స్విచ్ దించినా, డీసీని ఏసీగా మార్చే ఇన్వర్టర్‌ను ఆపినా, ఎండ ఉన్నంతసేపు ప్యానెళ్ల దగ్గరి తీగల్లో ఆ వోల్టేజి చావదు. ఇది తెలియని వైర్‌మన్ మెయిన్ దించేశాం కదా అనే ధీమాతో అక్కడ చెయ్యి పెడతాడు.

ఇక గాలి సంగతి. భవనాలు ఎంత గాలికి తట్టుకోవాలో చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్ల వేగాన్ని, విశాఖపట్నానికి 50 మీటర్లను లెక్కలోకి తీసుకోమంటుంది. 50 మీటర్లంటే గంటకు 180 కిలోమీటర్లు. తేడా ఆరు మీటర్లే కదా అనిపిస్తుంది. కానీ వేగం రెట్టింపైతే గాలి తోపుడు నాలుగింతలయ్యే లెక్క ఇది కాబట్టి విశాఖలో ప్యానెళ్లను మోసే స్టాండు మీద పడే బలం దాదాపు 30 శాతం ఎక్కువ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానును చూసిన ఊరికి ఈ లెక్క వివరించనక్కర్లేదు. ప్యానెల్ కింద దూరిన గాలి దాన్ని గొడుగులా పైకి లేపుతుంది. పిట్టగోడ ఇటుకల్లో దింపిన బోల్టు దాన్ని ఆపలేదు. ఏ ఊళ్లో ఏ బోల్టు, ఎంత లోతు అన్నది చూసి నేర్చుకునే సంగతి కాదు, ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి.

చెప్పేవాళ్లు ఉన్నారు కూడా. గురుగ్రామ్‌లోని జాతీయ సౌరశక్తి సంస్థ 2015 నుంచి సూర్యమిత్ర శిక్షణ నడుపుతోంది. ఐటీఐ చదివిన యువకులకు 600 గంటలు, అంటే దాదాపు మూడు నెలలు. అయితే ఆ సర్టిఫికెట్ లేనివాడికీ డాబా ఎక్కడానికి అడ్డేమీ లేదు. అలాంటప్పుడు మూడు నెలల కూలి వదులుకుని ఎవరు వెళ్తారు? సూర్యఘర్ పథకంలో ప్యానెల్‌కూ, అందులో ఎండను కరెంటుగా మార్చే సెల్లుకూ షరతు ఉంది: రెండూ దేశంలో తయారైనవైతేనే సబ్సిడీ. సెల్లుకు పెట్టినంత గట్టి షరతు దాన్ని బిగించే చేతికి పెట్టలేదు.

ప్రభుత్వ డబ్బు వేగంగా వచ్చి పడి, శిక్షణ వెనకబడితే ఏమవుతుందో ఆస్ట్రేలియా చూసింది. 2009లో అక్కడ ఇళ్ల పైకప్పుల్లో వేడిని ఆపే పొరలు వేయడానికి ప్రభుత్వం డబ్బిచ్చింది. అనుభవం లేని కుర్రాళ్లు ఆ పనిలోకి దిగారు. నలుగురు యువకులు చనిపోయారు, వారిలో ముగ్గురు కరెంటు షాకుతో. చివరికి దాని మీద రాయల్ కమిషన్ అనే ఉన్నత స్థాయి విచారణ సంఘాన్ని వేశారు. అదే దేశంలో సోలార్‌కు నియమాలు కఠినం. గుర్తింపు పొందిన వ్యక్తి బిగిస్తేనే ఆ ఇంటికి ప్రోత్సాహకం అందుతుంది. పని మొదలయ్యేటప్పుడు, మధ్యలో, చివర ఆ వ్యక్తి అక్కడే ఉన్నట్టు రుజువు చూపాలి. ఇంత గట్టిగా ఉన్నా అక్కడ 40 లక్షలకు పైగా కప్పుల మీద సోలార్ ఉంది. నియమం వల్ల పని ఆగిపోతుందనే వాదన నాకు అందుకే నమ్మశక్యంగా లేదు.

సర్టిఫికెట్ అంటే చెయ్యి తడపాల్సిన ఇంకో కిటికీ తెరుచుకుంటుందనే భయం మాత్రం నాకూ ఉంది. పదేళ్లుగా ఊళ్లో మోటార్లు, వైరింగ్ చూసుకుంటున్న ఎలక్ట్రీషియన్‌ను ఒక్క కాగితం లేదని పక్కకు నెట్టేయడం అన్యాయం. ఆయనకు రాతపరీక్ష పెట్టకండి. దగ్గరి ఐటీఐలో నాలుగు ప్యానెళ్లు, ఒక ఇన్వర్టర్, ఎర్తింగ్ కొలిచే మీటరు పెట్టి, తెలుగులో చెప్పి, చేసి చూపించమనండి. ఒక పూట చాలు. తప్పితే నేర్పి, మళ్లీ రమ్మనండి. ఫీజు పనిలో పెట్టుకునే కాంట్రాక్టరే కట్టాలి. ఆ తర్వాత పని పూర్తయినట్టు కరెంటు పంపిణీ సంస్థకు (డిస్కంకు) ఇచ్చే నివేదికలో సంస్థ పేరు పక్కన, బిగించిన మనిషి పేరూ, గుర్తింపు సంఖ్యా ఉండాలి. ఒక ప్రతి ఇంటివాళ్లకు ఇవ్వాలి. ఆ పేరు లేనిదే సబ్సిడీ విడుదల కాకూడదు. మేస్త్రీ అప్పుడు దొరికినవాణ్ని కాకుండా పని వచ్చినవాణ్ని వెతుక్కుంటాడు, పని వచ్చినవాడు తన కూలి తను గట్టిగా అడగగలుగుతాడు.

మా బాబాయి పట్టుబట్టి నాలుగైదు సార్లు ఫోను చేస్తే, పది రోజులకు కాంట్రాక్టరు ఒక పెద్ద వయసు ఎలక్ట్రీషియన్‌ను పంపించాడు. ఆయన పొద్దు పొడవకముందే వచ్చారు. ఎండ రాకముందే ఆ జాయింట్లు ముట్టుకోవాలని ఆయనకు తెలుసు. టార్చి వెలుగులో కనెక్టర్లు విప్పి, కుర్రాడు నొక్కిన నాలుగు జాయింట్లనూ ఒక్కొక్కటిగా చేత్తో లాగి చూశారు. రెండు ఊడి చేతిలోకి వచ్చాయి.