జైపూర్ సభలు చూశాం సరే, మన పుస్తకాల లెక్క ఎవరు చెబుతారు?

నెల్లూరులో ఉండి పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లకి జనవరి మొదటి వారం ఎలా గడుస్తుందో తెలుసు. విజయవాడలో పుస్తక మహోత్సవం మొదలవుతుంది, మనం వినాలనుకున్న సభ ఏ మంగళవారం సాయంత్రమో పెడతారు, సగం రోజు సెలవు పెట్టి పినాకిని రైలు ఎక్కితే బెజవాడలో దిగేసరికి రాత్రవుతుంది. అప్పటికి సభ అయిపోయి, స్టాళ్ల మీద టార్పాలిన్లు కప్పేస్తుంటారు. అందుకే కొన్నేళ్లుగా నేను ఈ సాహిత్య సభలను చాలావరకు ఫోన్‌లోనే చూస్తున్నాను, రాత్రి అన్నం తిన్నాక ఓ గంట.

2021లో కరోనా వల్ల జైపూర్ సాహిత్య ఉత్సవం ఆన్‌లైన్‌లో జరిగినప్పుడు ఈ అలవాటు మొదలైంది. తర్వాత కోజికోడ్ బీచ్‌లో జరిగే కేరళ ఉత్సవం, ఆ తర్వాత అమెరికాలో సీ-స్పాన్ అనే టీవీ సంస్థ వాళ్లు పుస్తకాల కోసం 1998లో మొదలుపెట్టిన బుక్ టీవీ. ఇవన్నీ పైసా ఖర్చు లేకుండా దొరికాయి, రీఛార్జ్ తప్ప.

రచయితల ప్రసంగాలు బాగుంటాయి. కానీ నాకు ఎక్కువ పనికొచ్చినవి ప్రచురణకర్తలు, ఎడిటర్లు, పుస్తకాల షాపులవాళ్లు కూర్చుని మాట్లాడుకున్న చర్చలు. అడ్వాన్సు అంటే రాబోయే రాయల్టీలోంచి (పుస్తకాలు అమ్ముడైతే రచయితకు వచ్చే వాటా) ముందుగా ఇచ్చే డబ్బనీ, అది తీరేదాకా రచయితకు మళ్లీ ఏమీ రాదనీ నాకు అక్కడే తెలిసింది. అమెరికాలో అమ్ముడుపోని పుస్తకాలను షాపులు ప్రచురణకర్తకి తిప్పి పంపేయొచ్చు, 1930ల మాంద్యం రోజుల నుంచి వస్తున్న పద్ధతి అది, అందుకే అక్కడ ఎన్ని కాపీలు వెయ్యాలన్నది అంత టెన్షన్. డబ్బు గురించి వాళ్లు మొహమాటపడరు. బ్రిటన్‌లో ఫిలిప్ పుల్‌మన్ అనే పేరున్న రచయిత, వక్తలుగా వచ్చే రచయితలకు డబ్బులివ్వడం లేదని 2016లో ఆక్స్‌ఫర్డ్ సాహిత్య ఉత్సవం పోషక పదవినే వదిలేశారు. మన దగ్గర హాలు అద్దె కట్టేది రచయితే.

ఇక్కడే నాకు బాధగా ఉంటుంది. ఎక్కడో అమెరికాలో పుస్తకం ఎలా అమ్ముడుపోతుందో నాకు తెలిసింది, మా జిల్లాలో ఒక కథల పుస్తకం ఎలా అమ్ముడుపోతుందో చెప్పే వీడియో ఒక్కటి కూడా కనపడలేదు. బుచ్చిరెడ్డిపాళెంలో మాకు తెలిసిన మాస్టారు ఒకాయన కథల పుస్తకం వేసుకున్నారు, 500 కాపీలు. డీటీపీ, ప్రూఫులు, కవర్, ప్రెస్సు అన్నీ ఆయన జీతంలోంచే. పుస్తకం కావాలంటే ఎవరిని అడగాలో చెప్పే ‘ప్రతులకు’ అన్న చోట ఆయన ఇంటి అడ్రసు, ఆయన ఫోన్ నంబరు. అమ్మిపెడతామని తీసుకున్నవాళ్లు సగానికి దగ్గరగా కమిషన్ అడిగారు, అమ్మినవాటి డబ్బు రెండేళ్లకు గానీ రాలేదు, మిగిలిన కట్టలు ఇప్పటికీ వాళ్ల మంచం కింద ఉన్నాయి. 200 కాపీలు వేసుకుని చూడండి మాస్టారూ అని చెప్పేవాళ్లు ఒక్కరున్నా ఆయన బయటపడేవారు. చెప్పగలిగినవాళ్లు లేక కాదు, వాళ్లంతా మన సభల్లోనే ఉంటారు, వేదిక మీద ఆ మాట రాదు.

2024 డిసెంబరులో తపాలా శాఖ రిజిస్టర్డ్ బుక్ పోస్ట్‌ను ఎత్తేసింది. తక్కువ ఖర్చుతో, రసీదుతో పాఠకుడికి పుస్తకం చేర్చే దారి అది, ‘ప్రతులకు’ అన్న ఒక్క లైను మీద బతికే తెలుగు పుస్తకానికి అది ఎంత పెద్ద దెబ్బో చెప్పక్కర్లేదు. దాని మీద గంటసేపు చర్చ పెట్టొద్దా? నేను విన్న ఆవిష్కరణ సభల్లో మాత్రం వేదిక మీద పదిమంది, పదిమందికీ శాలువాలు, ముందుమాట రాసినాయన ఆ ముందుమాటనే మళ్లీ చదవడం, చివర్లో రచయిత మైకు అందుకునేసరికి జనం బస్సులకు లేచిపోవడం.

అలాంటి సభల్లోనూ మంచి మాటలు దొరుకుతాయి, మరి అవి ఏమవుతున్నాయి? మనవాళ్లలో చాలామంది ఫేస్‌బుక్ లైవ్ పెట్టి వదిలేస్తారు. 2025 ఫిబ్రవరి నుంచి ఫేస్‌బుక్‌లో కొత్త లైవ్ వీడియోలు 30 రోజులే ఉంటాయి, పాతవి కూడా దించుకోమని గడువిచ్చి తీసేస్తామని వాళ్లు ముందే చెప్పారు. దించుకోకపోవడం మన తప్పే. మా పెదనాన్న వరసయ్యే ఒకాయన మా పల్లెపాళెం మాటల మీద, చేపల పేర్ల మీద ఓ సభలో ఇరవై నిమిషాలు మాట్లాడారు. ఆయన ఇప్పుడు లేరు, ఆ వీడియో కూడా లేదు.

వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనం అనే గ్రంథాలయం పెట్టినవాళ్లను నేను తరచూ తలుచుకుంటాను. ఆ ఊరు మొన్నటిదాకా ప్రకాశం జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు బాపట్లలోకి వెళ్లింది. చదివి పారేసే పత్రికలను వాళ్లు పారేయకుండా దాచారు కాబట్టే పాత సంచికల కోసం పరిశోధకులు ఇప్పటికీ ఆ గుమ్మం తొక్కుతున్నారు. ఈ రోజు సభ వీడియో కూడా అలాంటిదే. ఫోన్‌కి ఓ స్టాండు, చొక్కాకి పెట్టుకునే ఓ చిన్న మైకు ఉంటే చాలు (మన వీడియోల్లో ముందు పోయేది శబ్దమే), యూట్యూబ్‌లో ఒకటి, ఊరి లైబ్రరీలో హార్డ్ డిస్క్ మీద ఒకటి ఉంచాలి. ఆన్‌లైన్‌లో పెడితే సభకి జనం రారని కొందరంటారు. నెల్లూరులో సభకొచ్చే ఆ ముప్పై మంది ఎలాగైనా వస్తారు, కనిగిరిలోనో ఉదయగిరిలోనో ఉండి రాలేనివాళ్ల సంగతి నేను మాట్లాడుతున్నాను.

మాస్టారి రెండో పుస్తకం వచ్చే వేసవికి వస్తుంది. శాలువాల టైమ్ తగ్గించి ఓ అరగంట ఖర్చుల గురించి మాట్లాడమని అడిగాను. ముందు మొహమాటపడ్డారు, మా ఇంటి లెక్కలు అందరికీ ఎందుకులేరా అన్నారు. పోయిన ఆదివారం ఫోన్ చేసి, ప్రెస్సు బిల్లులు వెతికి పక్కన పెట్టాను, నువ్వు మైకు తీసుకురా అని చెప్పారు.