డ్రమ్ములో పడవ ఇంజన్

మా మేనమామ పడవ ఇంజన్‌తో పాటు వచ్చిన పుస్తకంలో చలికాలానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. చలిదేశాలలో సరస్సులు గడ్డకట్టక ముందే ఇంజన్‌ను విప్పి ఇంట్లో భద్రపరచుకోవాలని, గేరుపెట్టెలో నీరు మిగిలిపోతే అది గడ్డకట్టి, ఉబ్బి, పెట్టెనే పగలగొడుతుందని అందులో బొమ్మలతో సహా రాశారు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే తిరుపతిలో ఆ భయం అక్కరలేకపోయినా, మామ ఆ అధ్యాయాన్ని సుందరకాండలా పారాయణం చేస్తాడు. ఆయన పడవ తడ దగ్గర పులికాట్ ఒడ్డున ఉంటుంది. వేసవిలో సరస్సు ఉత్తర భాగం ఎండిపోగానే ఇంజన్‌ను మాత్రం తెచ్చి మా వసారాలో పెట్టి వెళతాడు. 2022లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు పులికాట్‌లోని ఆంధ్ర భాగం కూడా తిరుపతి జిల్లాలోకి వచ్చింది కనుక, ఇంజన్ తన జిల్లా దాటి పోలేదన్నది ఆయన వాదన.

ఈశాన్య ఋతుపవనాల వానలకు సరస్సు నిండిందని తెలియగానే మామ, ఆయన కొడుకైన మా బావ దిగారు. నెలల తరబడి నిలవున్న పెట్రోలు కార్బురేటర్లో జిగురులా పేరుకున్నందున దాన్ని విప్పి కడిగారు, ప్లగ్గులు తుడిచారు. గేరు ఆయిల్ పాలలా తెల్లబడితే సీలు గుండా నీరు చేరినట్టు లెక్క. మామ బొట్టు వేలికద్దుకుని, వెలుగులో చూసి, జాతకం బాగుందన్నాడు. కొత్త ఆయిల్‌ను కింది రంధ్రం నుంచి పైకి ఎక్కించాలని, అలాగైతేనే లోపలి గాలి బయటికి పోతుందని ఆయన చెబితే, నూనెను కిందినుంచి పోసే ఆచారం మన వంశంలో లేదని బావ అడ్డుపడ్డాడు.

నీరు లేకుండా తిప్పితే పంపులోని రబ్బరు చక్రం కాసేపట్లోనే కాలిపోతుంది కాబట్టి, ఇంజన్‌ను వీధిలో ఒక చెక్కకు బిగించి, దాని కాలును అమ్మ కుళాయి నీళ్ళు పట్టుకున్న నీలం డ్రమ్ములో దించారు. అప్పటికే జనం చేరి, ఇది బోరు వేసే యంత్రమా, దోమల పొగ యంత్రమా అని తర్కించుకుంటున్నారు. ముందుగా ఆ కాలి చివర నీటిలో తిరిగి పడవను నెట్టే పంకా ఊడదీయాలని పుస్తకం చెబుతోంది గానీ, దాని పిన్ను తుప్పుపట్టి కదలలేదు. “న్యూట్రల్లోనే ఉంటుంది కదా నాన్నా, దానికెందుకు శ్రమ?” అన్నాడు బావ.

తాడు లాగగా లాగగా ఇంజన్ లేచి, దోమల పక్షం వాదించినవారు గెలిచేటంత పొగ వదిలింది. అయితే చల్లబరిచే నీరు తిరుగుతోందని చూపే సన్నని ధార మాత్రం బయటికి రాలేదు. కందిరీగ ఒకటి ఆ రంధ్రంలో మట్టిగూడు కట్టుకుంది. ఇంజన్ ఆపి, తీగతో పొడిచి, మళ్ళీ లేపగానే ధార ఎగిరి, తెల్ల పంచెతో దర్శనానికి బయలుదేరిన ఎదురింటి పెద్దాయనకు తగిలింది. ఆయనకు క్షమాపణ చెప్పబోయి వెనక్కి తిరిగిన బావ మోచేయి గేరు పిడికి తగలడంతో పంకా తిరిగి, డ్రమ్ములోని నీళ్ళన్నీ సుడి తిరుగుతూ లేచి, తర్కం చేస్తున్న ఉభయపక్షాల మీదా సమానంగా కురిశాయి.

నిలువెల్లా తడిసిన మామ ఇంజన్ ఆపి, “పంకా కూడా బాగా పనిచేస్తోందక్కా!” అన్నాడు.

అమ్మ ఖాళీ డ్రమ్ములోకి తొంగిచూసి, “సంతోషంరా. మళ్ళీ కుళాయి వచ్చేదాకా వంటకు నీళ్ళు దాన్నే తెమ్మను,” అంది.