బీరువాలో పడి ఉన్న మన ప్రాజెక్టులు

పోయిన నెల డిశ్చార్జ్ కౌన్సెలింగ్‌కి (ఇంటికి వెళ్లేముందు మందులు ఎలా వాడాలో ఫార్మసిస్టుగా నేను చెప్పే మాటలు) వచ్చిన ఒక పెద్దావిడ తన మందుల సంచిని నా టేబుల్ మీద బోర్లించింది. బట్టల షాపు క్యారీబ్యాగు అది. పదిహేనుకి పైగా స్ట్రిప్పులు. వాటిలో మూడు మందులు బీపీవి. ఒకటి టెల్మిసార్టన్ 40. ఇంకోటి కూడా టెల్మిసార్టన్ 40యే, కంపెనీ వేరు, పేరు వేరు, అట్ట రంగు వేరు. మూడోదాంట్లో టెల్మిసార్టన్‌తో పాటు ఆమ్లోడిపిన్ అనే ఇంకో బీపీ మందు కలిపి ఉంది.

"అమ్మా, ఇవన్నీ రోజూ వేసుకుంటున్నారా?" అన్నాను.

"డాక్టర్లు రాసినవే కదా తల్లీ, మానేస్తే ఊరుకుంటారా?" అంది.

ఆవిడ హాస్పిటల్లో ఎందుకు చేరిందంటే, తెల్లవారుజామున బాత్రూంకి లేచి, కళ్లు తిరిగి పడిపోయి. తలకి స్కాన్ తీశారు, ఈసీజీ తీశారు, అన్నీ నార్మల్. సంచి మాత్రం నాలుగు రోజులూ మంచం పక్కన స్టూలు కిందే ఉంది. ఒక మాత్ర ఊళ్లో డాక్టరు రాసింది, ఒకటి టౌన్‌లో రాసింది, ఒకటి కొడుకు పనిచేసే ఊళ్లో రాసింది. ముగ్గురిలో ఎవరూ తప్పు మందు రాయలేదు. మూడు చీటీలూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లే లేరు.

నేను నోట్ రాశాను, డాక్టర్‌గారు వెంటనే రెండు కొట్టేసి ఒక్కటి ఉంచారు. థాంక్స్ కూడా చెప్పారు (స్క్రీన్‌షాట్ తీసుకునేది కాదు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నా). కథ అక్కడితో అయిపోవాలి. కానీ ఆ రాత్రి మా బ్యాచ్ గ్రూపులో ఇది పెడితే విశాఖలో పనిచేసే ఫ్రెండు "మా దగ్గరా చాలా" అంది. వరంగల్ నుంచి ఇంకొకడు "చాలా అంటే చాలా" అన్నాడు. ఎంత అని అడిగాను. ఒక్కరి దగ్గరా జవాబు లేదు. నా దగ్గరా లేదు.

"చాలా" అనేది అంకె కాదు. నా కోపమంతా అక్కడే.

ఎందుకంటే మన దగ్గర లెక్కపెట్టేవాళ్లకి కొదవ లేదు. ఫార్మ్ డి (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) కోర్సు, అంటే మనం చదివింది, మన దేశంలో 2008లో మొదలైంది. ఆరేళ్ల చదువు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. కాలేజీకి కనీసం 300 పడకల హాస్పిటల్‌తో అనుబంధం ఉండాలి. ఐదో ఏడాదిలో ఆరు నెలల ప్రాజెక్టు, అదీ ఒంటరిగా కాదు, జట్టుగా చెయ్యాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏటా ఎన్ని ప్రాజెక్టులు బైండింగ్ షాపులకి వెళ్తాయో మీరే ఊహించుకోండి. నల్ల అట్ట, బంగారు అక్షరాలు, మూడు కాపీలు. వైవా అయిన మర్నాడు బీరువాలోకి.

మా ప్రాజెక్టు ఏమిటో చెప్పనా? ఒక గవర్నమెంట్ హాస్పిటల్ జనరల్ మెడిసిన్ వార్డులో యాంటీబయాటిక్‌లు ఎలా రాస్తున్నారు అని. 150 కేసులు. ముందు బ్యాచ్‌దీ అదే టాపిక్, వార్డు మారిందంతే. పక్క జిల్లాలో కాలేజీదీ అదే. మా ప్రొఫార్మాలో (కేసు వివరాలు నింపే ఫారంలో) వయసుని "18-30" అని ముక్కలు చేస్తే వాళ్లు "20-40" అని చేశారు. మేం జెనరిక్ పేర్లు (మందు అసలు పేర్లు) రాస్తే వాళ్లు బ్రాండ్లు (కంపెనీ పెట్టిన పేర్లు) రాశారు. ఇప్పుడు ఆ రెండు కట్టలూ తెచ్చి కలుపుదామన్నా కలవవు. ఒకడు కొలత గజాల్లో రాసి ఇంకొకడు మీటర్లలో రాస్తే ఫరవాలేదు, మార్చుకోవచ్చు. మనం ఒకరు పొడవు కొలిచి, ఇంకొకరు బరువు తూచాం.

చివరి నెలలో కేసులు చాలక కొందరు ఏం చేస్తారో ఫార్మ్ డి చదివినవాళ్లందరికీ తెలుసు. కేసులు వండుతారు. నేను వండలేదు అని ఒట్టేసి చెప్పగలను గానీ, వండుతుంటే చూసి నోరు మూసుకున్నాను. 150 అనే అంకె నిండాలి, అంతే. ఆ 150 ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే "అందరూ అంతే తీసుకుంటారు" అన్నారు.

ఆ 150 ఎంత పనికొస్తుందో చిన్న లెక్క చూడండి. వెయ్యి మందిలో ఒకరికి వచ్చే సైడ్ ఎఫెక్ట్ ఒకటి ఉందనుకుందాం. 150 మందిని గమనిస్తే అది ఒక్కసారైనా మీ కంటపడే అవకాశం నూటికి 14. కనబడకపోతే "ఈ మందు సురక్షితం" అని కన్‌క్లూజన్ రాసేస్తాం. అదే 3,000 మందిని చూస్తే కనీసం ఒక్కసారి కంటపడే అవకాశం నూటికి 95. మూడు వేల మందిని ఆరు నెలల్లో ఏ ముగ్గురు విద్యార్థులూ చూడలేరు. ఇరవై హాస్పిటళ్లు, హాస్పిటల్‌కి 150, ఒకటే ఫారం, ఒకటే ప్రశ్న అయితే అది ఒక్క బ్యాచ్ పని. కొత్తగా ఒక్క గంట కూడా ఎక్కువ పనిచెయ్యక్కర్లేదు. ఇప్పుడు పడుతున్న చాకిరీయే.

ఇలా కలిపితే ఏం జరుగుతుందో మన దేశంలోనే ఉదాహరణ ఉంది. 2010లో మొదలైన ఫార్మకోవిజిలెన్స్ (మందుల సైడ్ ఎఫెక్ట్‌ల మీద నిఘా) కార్యక్రమానికి దేశం నలుమూలల నుంచి సైడ్ ఎఫెక్ట్‌ల ఫారాలు వెళ్తాయి. చాలాచోట్ల వాటిని నింపేది మనలాంటివాళ్లే. 2023 నవంబర్ 30న అక్కడి నుంచే ఒక హెచ్చరిక వచ్చింది: నెలసరి నొప్పులకి, ఒళ్లు నొప్పులకి జనం చాక్లెట్లలా కొనుక్కునే మెఫెనమిక్ యాసిడ్ వల్ల డ్రెస్ సిండ్రోమ్ రావచ్చని. ఒళ్లంతా దద్దుర్లు, జ్వరం, లివర్ లాంటి లోపలి అవయవాలు కూడా దెబ్బతినే జబ్బు అది. సాధారణంగా మందు మొదలుపెట్టిన రెండు నుంచి ఎనిమిది వారాల మధ్య వస్తుంది. రెండు వారాల కింద వేసుకున్న మాత్ర ఎవరికి గుర్తుంటుంది? ఏ ఒక్క వార్డులో కూర్చున్నా అది "ఏదో అలర్జీ" లాగే పోతుంది. అన్ని చోట్ల కాగితాలూ ఒకే డేటాబేస్‌లో చేరాయి కాబట్టి బయటపడింది. ఫారం ఒకటే కాబట్టి చేరాయి.

అమెరికాలో లాస్ ఏంజెలెస్‌లో చేసిన క్షౌరశాలల స్టడీ గురించి ఎప్పుడు చదివినా నాకు అసూయే. నల్లజాతి మగవాళ్లు బీపీకి డాక్టరు దగ్గరికి వెళ్లట్లేదని, వాళ్లు క్రమం తప్పకుండా వెళ్లే బార్బర్ షాపుకే ఫార్మసిస్టులు వెళ్లారు. కుర్చీ పక్కనే బీపీ చూడటం, డాక్టర్లతో ముందే కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం మందులు రాయడం. 2018లో ఫలితాలు వచ్చాయి. ఆరు నెలల్లో పై బీపీ సగటున 27 తగ్గింది. డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఉప్పు తగ్గించండి అని చెప్పి వదిలేసిన షాపుల్లో తగ్గింది 9. మందులు రాసే హక్కు మనకి లేదు, ఆ తేడా నాకూ తెలుసు. నేను చూసేది వేరే అంకె. మొత్తం 52 షాపులు, 319 మంది. అంటే షాపుకి సగటున ఆరుగురు! ఒక్క షాపు ఫార్మసిస్టు తన ఆరుగురి గురించి రాస్తే ఎవరు పట్టించుకుంటారు? మన కాలేజీల్లో అయితే ఆ 52 షాపులూ 52 నల్ల అట్టలయ్యేవి.

కలవడానికి అడ్డేమిటంటే, మర్యాదగా చెప్పుకునే కారణాలు చాలా ఉన్నాయి. ప్రతి హాస్పిటల్‌కీ విడివిడిగా ఎథిక్స్ కమిటీ (స్టడీ వల్ల పేషెంట్లకి అన్యాయం జరగకుండా చూసే కమిటీ) అనుమతి కావాలి, నిజమే. పేషెంట్ వివరాలు బయటికి పోకూడదు, అదీ నిజమే. చెప్పుకోని కారణం ఇంకోటుంది. పేపర్ మీద మొదటి పేరు ఎవరిది? ఏ కాలేజీ లోగో పైన ఉండాలి? గైడ్ సార్ పేరు రెండోదా, చివరిదా? ఒకసారి మూడు కాలేజీలు కలిసి చేద్దామని కూర్చున్న మీటింగులో నేనూ ఉన్నాను. టీ రెండుసార్లు వచ్చింది. స్టడీ ప్రశ్న ఏమిటో తేలకముందే పేర్ల వరుస దగ్గర చెడింది. విద్యార్థుల తొందర వేరు, విదేశాల అప్లికేషన్‌కి పేపర్ కావాలి, డబ్బు కడితే వారంలో వేసే జర్నల్ ఉంది, ఇంకొకరి కోసం ఎందుకు ఆగాలి?

"మీకు రీసెర్చ్ ఎందుకమ్మా, ప్రిస్క్రిప్షన్లు చూసుకోండి చాలు" అనే డాక్టర్లు కామెంట్లలోకి వస్తారు, రండి. 1999లో ఒక స్టడీ అచ్చయింది: బోస్టన్‌లో ఒక పెద్ద హాస్పిటల్ ఐసీయూ రౌండ్స్‌లో సీనియర్ ఫార్మసిస్టుని పక్కన నిలబెట్టి చూశారు. ప్రిస్క్రిప్షన్ దశలో జరిగే, తప్పించగలిగిన మందుల హాని మూడింట రెండు వంతులు తగ్గింది. ఫార్మసిస్టు చేసిన సూచనల్లో 99 శాతం డాక్టర్లు ఒప్పుకున్నారు. ఇది మనకి ఎలా తెలిసింది? ఎవరో కూర్చుని లెక్కపెట్టారు కాబట్టి. ఆ లెక్క లేకపోతే మా హాస్పిటల్లో నన్ను కూడా ఆడిట్ వచ్చినప్పుడే గుర్తు చేసుకునేవాళ్లు. ఇప్పుడూ చాలావరకు అంతేలెండి.

మన దగ్గర ప్రశ్నలకి కరువా? శ్రీకాకుళం వైపు ఉద్దానంనే తీసుకోండి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. నీళ్లన్నారు, ఎండన్నారు, పురుగుమందులన్నారు, నొప్పి మాత్రలన్నారు. కొబ్బరి తోటలో, జీడి తోటలో పనిచేసి వచ్చినవాళ్లు చీటీ లేకుండా ఎన్ని నొప్పి మాత్రలు మింగుతున్నారో హాస్పిటల్ కేస్ షీట్‌లో ఉండదు. మెడికల్ షాపు కౌంటర్ దగ్గర తెలుస్తుంది. అక్కడ నిలబడి, ముప్పై షాపుల్లో ఒకే ప్రశ్న, ఒకే పద్ధతిలో, ఏడాది పాటు అడిగే ఓపిక, ఆ పని నేర్చిన చదువు ఎవరికి ఉంది? మనకే. శ్రీకాకుళం నుంచి ఫార్మ్ డి చదివిన పిల్లలు ఎంతమంది యాంటీబయాటిక్‌ల మీద 150 కేసులు చేసి వెళ్లిపోయారో తలుచుకుంటే కడుపు రగులుతుంది.

సరే, ఊరికే తిట్టడం కాదు. ఆ పెద్దావిడ వెళ్లిపోయాక మా గ్రూపులో ఐదుగురం కలిశాం. ఐదు హాస్పిటళ్లు, ప్రశ్న ఒక్కటే: ఒకే మందు వేర్వేరు పేర్లతో రెండుసార్లు వేసుకుంటున్నవాళ్లు ఎంతమంది? పేర్లు అక్షర క్రమంలో, ఏ లోగో ఉండదు, ఇది ముందే రాసి సంతకాలు పెట్టుకున్నాం. రెండు చోట్ల ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చింది, మూడు చోట్ల ఫైలు తిరుగుతోంది. అన్ని చోట్లా వచ్చేదాకా ఎవరం మొదలుపెట్టం. ఫారం నాలుగు పేజీలు ఉండాలని వరంగల్ మనిషి, ఒక్క పేజీయే అని నేను, మూడు రాత్రులు కొట్టుకున్నాం. ఒక్క పేజీకి కుదిరింది.

అందులో మొదటి ప్రశ్న: పేషెంట్ ఇంటి నుంచి తెచ్చుకున్న మందుల సంచి ఎవరైనా తెరిచి చూశారా? అవును / లేదు.